మూడో వైరు

సూరత్‌లోని పాండేసరలో నాది చిన్న మెకానిక్ షెడ్డు. మా అన్నకు ఒక పాత పెట్రోలు వ్యాను ఉండేది. కరోనా రెండో ఏడు, బట్టల మార్కెట్ మూతపడ్డాక, జబ్బుపడ్డ మన తెలుగువాళ్ళను అందులోనే ఆసుపత్రులకు చేరవేశాడు. రోజూ సాయంత్రం వైరస్ చావాలని బండంతా మందు నీళ్ళు కొట్టేవాడు. సీటెత్తి దాని కిందున్న ఇంజిన్‌నూ వదిలేవాడు కాదు.

"పొద్దుగాల తీస్తే చాలు, మిస్సింగ్ కొడుతున్నదిరా తమ్మీ. జర చూడు" అనేవాడు.

ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ కడిగాను. మధ్యాహ్నం నా షెడ్డుకు వచ్చేసరికి మాత్రం బండి బుద్ధిగా నడిచేది. "నీ బండికి నేనంటే భయమే అన్నా" అని నవ్వాను. నా నవ్వు తగలబడ!

ఒక ఉదయం అన్నకు ఊపిరి ఆడలేదు. నేనే నడిపాను. వంతెన ఎక్కుతుంటే వ్యాను గుంజి గుంజి ఆగిపోయింది. ఎంత సెల్ఫు కొట్టినా అందుకోలేదు. అరగంట తర్వాత దానంతటదే అందుకుంది. ఆసుపత్రి గేటు దాటేసరికి అన్న లేడు.

మూడు నెలలు ఆ బండి వైపు చూడలేదు. రోడ్డు మీద ఏ ఇంజిన్ దగ్గినా చెవులు మూసుకునేవాణ్ణి. చివరికి వదినే అడిగింది.

"బండి సతాయించకపోతే ఆయన బతుకుతుండెనా తమ్మీ? జర చూసి చెప్పు."

వాళ్ళింటి ముందే సీటెత్తి స్టార్ట్ చేశాను. ఒక్క దెబ్బ తప్పకుండా నడిచింది. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గులేకుండా. అంతలో మందు నీళ్ళు కొట్టే సీసా సీటు వెనకాల కనబడింది. అన్న పోయాక ఈ బండిని ఎవరూ తడపలేదు.

సీసాలో నీళ్ళు నింపి, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్ల మీద ఒక్కొక్కటిగా కొట్టాను. మొదటిదానికి ఏం కాలేదు, రెండోదానికీ కాలేదు. మూడోదాని మీద పడగానే అదే గుంజుడు. వంతెన మీది గుంజుడే. ఇంజిన్ ఆపి వంగి చూశాను.

ఆ వైరుకు ఆకుపచ్చ చిందీ చుట్టి ఉంది. సూరత్‌లో మేం తాడు కొనం. ఏది ఊగినా చీరల కత్తిరింపులో మిగిలిన ఈ పేలికతోనే కడతాం. వైరు సైలెన్సర్‌కు తగులుతోందని, పక్కనున్న ఇనుప పట్టీకి కట్టింది నేనే. ఇంట్లో చీరలకు లేసు కత్తిరించే వదిన నా షెడ్డుకని సంచినిండా ఇచ్చిన చిందీయే అది. సాయంత్రం కొట్టిన నీళ్ళు తాగి, పొద్దునకీ అది తడిగానే ఉండేది. దాని కింద పగిలిన రబ్బరులోంచి కరెంటు ప్లగ్గుకు పోకుండా ఇనుములోకి పోయేది. కాసేపటికి ఇంజిన్ వేడికి ఆరిపోయేది. నా దగ్గరకు ఎప్పుడూ ఆరిన బండే వచ్చింది.

పేలికను లాగి జేబులో కుక్కుకున్నాను.

"ఏంది, దొరికిందా?" గుమ్మంలోంచి వదిన అడిగింది.

"ఒక వైరు పాతగైంది వదినా."

"గంతేనా? మార్చెతందుకు ఎంతసేపు పడతది?"

"పది నిమిషాలు" అన్నాను.

ఆమె గుమ్మంలోనే కూలబడింది. ఆ పేలికను ఊడదీయడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.