శాపం తగిలిన పోపు డబ్బా

నర్సింహులు ఇప్పటికి పదకొండు సినిమాల్లో చచ్చిపోయాడు. నటుడేమీ కాదు, కెమెరా ముందు నిలబడమంటే ఆమడ దూరం పారిపోతాడు. అమీర్‌పేట సందులో పాత సామాన్ల దుకాణం అతనిది. సినిమావాళ్ళకు మంచాలు, లాంతర్లు, గోడ గడియారాలు కిరాయికి ఇస్తాడు. హీరోగారింట్లో గోడకు చనిపోయిన తండ్రి ఫొటో కావలసి వస్తే, తన ఫొటోనే దండతో సహా పంపించేస్తాడు. అది తిరిగొచ్చిన ప్రతిసారీ భార్య సీతాబాయి గుప్పెడు ఉప్పు తీసుకుని మొగుడికీ ఫొటోకీ కలిపి దిష్టి తీస్తుంది.

"లేదు" అనే మాట అతని నోట రాదు. అదే అతని గొప్ప, అదే అతని జబ్బు. ఫలానా వస్తువు ఉందా అని అడగడమే ఆలస్యం, "ఉన్నది సార్" అంటాడు. ఆ తర్వాత వెతుక్కుంటాడు. ఈ జబ్బు పుణ్యమా అని ఇరవయ్యారేళ్ళలో యూసుఫ్‌గూడలోని వాళ్ళ ఇంటి సామానంతా ఒక్కొక్కటిగా సినిమాల్లోకి వెళ్ళొచ్చింది. సీతాబాయి కుట్టుమిషను మీద ఎవరో పేదతల్లి తలవాల్చి ఏడ్చింది. పెళ్ళినాటి పట్టెమంచం మీద ఒక జమీందారు ప్రాణం వదిలాడు. సీతాబాయి దేనికీ అడ్డు చెప్పలేదు, ఒక్క ఇత్తడి పోపు డబ్బాకు తప్ప. అది వాళ్ళమ్మది. అమీర్‌పేటలో మేడలు లేస్తున్న రోజుల్లో ఆవిడ కూలీలకు వండిపెట్టి, ఆ డబ్బా పక్కనే పిల్లను పెంచింది.

"గిదొక్కటి మాత్రం ఎవరికీ ఇయ్యకు," అని పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. నర్సింహులు సరేనన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా, మొన్న వానాకాలంలో వివేక్ అనే కొత్త దర్శకుడు దుకాణం మెట్లెక్కే దాకా.

వివేక్ పంజాగుట్టలో ఒక పాత ఇంట్లో దయ్యాల కామెడీ తీస్తున్నాడు. కథంతా ఒక ఇత్తడి డబ్బా చుట్టూ తిరుగుతుంది. అందులో ఉన్న దయ్యం ఏ కోరికైనా తీరుస్తుంది, కాకపోతే తిరకాసుతో. బంగారం కావాలంటే పళ్ళన్నీ బంగారమైపోతాయి, జంతిక కొరకడానికి పనికిరావు.

"పాతకాలపు ఇత్తడి డబ్బా ఉంటుందా అండీ? లోపల చిన్న చిన్న గిన్నెలుంటే ఇంకా బాగుంటుంది. రేపు పొద్దున్నే షాట్."

"ఉన్నది సార్."

దుకాణమంతా బోర్లించినా దొరకలేదు. సీతాబాయి అక్క కూతురి శ్రీమంతానికి సిద్దిపేట పోయింది, నాలుగు రోజుల దాకా రాదు. షూటింగ్ రెండు రోజులే. ఆమె వచ్చేసరికి డబ్బా ఇంట్లో ఉంటుందిలే అనుకున్నాడు. ఆవాలు, జీలకర్ర, మెంతులు కాగితం పొట్లాలు కట్టి వంటింట్లో పెట్టి, డబ్బా చంకన పెట్టుకుని పోయాడు. సెట్టువాళ్ళు దానికి నల్ల రంగు పులిమారు. చూస్తున్న నర్సింహులుకు తన మొహానికే పూస్తున్నట్టు అనిపించింది.

ఆ డబ్బాతో యూనిట్‌లో అందరికీ సరదా పట్టుకుంది. మేకప్ చేసే సుమశ్రీ దాన్ని కళ్ళకద్దుకుని, "దయ్యం తల్లీ, రేపు టిఫిన్‌లో ఉప్మా ఉండకూడదు," అని మొక్కింది. మర్నాడు టిఫిన్ తెచ్చే ఆటో చెడిపోయి, ఉప్మాతో పాటు ఏదీ రాలేదు. కెమెరామన్ కృష్ణమోహన్ వదలకుండా, "ఈ ఎండ కాస్త తగ్గించమ్మా," అన్నాడు. అరగంటలో కుండపోత వాన. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు, రెండు రోజులు షూటింగ్ బంద్. అందరూ పడీ పడీ నవ్వారు. నర్సింహులు ఒక్కడే నవ్వలేదు, ఎందుకంటే రెండు రోజులు కాస్తా నాలుగయ్యాయి.

నాలుగో రోజు పొద్దున వివేక్ ఉత్సాహంగా వచ్చాడు. "క్లైమాక్స్‌లో మన హీరో దీన్ని సుత్తితో పచ్చడి చేసేస్తాడు నర్సింహులు గారూ. శాపం పోయినట్టు జనానికి కంటికి కనపడాలి కదా! మీకు కొత్త డబ్బా కొనిస్తాంలెండి."

చెప్పాల్సింది ఒక్క మాట. ఆ ఒక్కటే అతనికి రాదు. "సరే సార్," అన్నాడు. అని, ఎవరూ చూడకుండా వెళ్ళి డబ్బా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు దయ్యానివో, మా అత్తమ్మవో నాకు తెల్వదు. జర దయజూడు. గీ డబ్బ సొట్ట పడకుండ ఇంటికి చేరాలె. అంతే."

సీతాబాయికి తెలియకూడదని కూడా అడగాల్సింది. కంగారులో మర్చిపోయాడు.

అక్కడ సీతాబాయి అప్పుడే ఊరినుంచి దిగింది. చారు పెడదామని పొయ్యి వెలిగించి పక్కకు చెయ్యి చాపితే, చేతికి పొట్లం తగిలింది. ఇరవయ్యారేళ్ళ కాపురం, వేరే సాక్ష్యం అక్కరలేదు. పొయ్యి ఆర్పి, దుకాణం పక్కవాళ్ళకు ఫోన్ చేసి షూటింగెక్కడో కనుక్కుని, ఆటో ఎక్కింది.

పంజాగుట్ట ఇంట్లో షాట్ నడుస్తోంది. దయ్యం వేషంలో తెల్ల చీర కట్టి జుట్టు విరబోసుకున్న హైందవి డబ్బాను గుండెకు హత్తుకుని, "నన్నెవరూ ఆపలేరు!" అని గర్జించింది. హీరో కేదార్ సుత్తి ఎత్తాడు. సరిగ్గా అప్పుడు సీతాబాయి వాకిట్లో చెప్పులు విడిచి, నేరుగా దయ్యం దగ్గరికి నడిచింది.

"ఓ బిడ్డా, జర ఆ డబ్బ ఇటియ్యి."

హైందవి కాకినాడ పిల్ల, పెద్దవాళ్ళు అడిగితే కాదనడం ఎరగదు. "తీసుకోండి పిన్నిగారూ," అంటూ రెండు చేతులా అందించింది. కేదార్ ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. వివేక్ కట్ చెప్పడం మర్చిపోయాడు.

సీతాబాయి మూత తీసి వాసన చూసింది. రంగు కింద జీలకర్ర వాసన ఇంకా ఉంది. "చింతపండు ఉన్నదా?" అని అడిగితే, యూనిట్‌కు మధ్యాహ్నం భోజనం వండే మనిషి పరుగున తెచ్చిచ్చాడు. పెరట్లో పంపు దగ్గర గొంతుక్కూర్చుని తోమింది. నలుపంతా కాలవకట్టి పోయింది, ఇత్తడి తళుక్కుమంది. కృష్ణమోహన్ కెమెరా ఆమె వెనకాలే పోయింది.

అప్పుడు తలెత్తి మొగుణ్ణి చూసింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు.

"మంచం వోయింది, మిషను వోయింది. నిన్ను సుత గోడకు తగిలిచ్చి దండేసిండ్రు. ఎన్నడన్న వద్దంటినా? గిదొక్కటే గదా ఇయ్యొద్దంటి." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పదకొండుసార్లు ఉత్తుత్తిగా చచ్చినవాడికి మొదటిసారి నిజంగా ప్రాణం పోయినట్టయింది.

ఈలోగా వివేక్ పరుగెత్తుకొచ్చాడు. "అద్భుతం! శాపం ఇలా పోవాలండీ, సుత్తితో కాదు! అమ్మా, ఇంకొక్క టేక్. మళ్ళీ నల్ల రంగు వేయించి దగ్గర్నుంచి తీసుకుంటాను. నర్సింహులు గారూ, డబ్బా ఇప్పించండి."

బయట మెట్రో రైలు పోతోంది. నర్సింహులు వెళ్ళి సీతాబాయి పక్కన నిలబడ్డాడు.

"లేదు సార్," అన్నాడు నర్సింహులు. ఆ మాట తన నోటనే వచ్చిందా అని తనకే అనుమానమొచ్చి, మళ్ళీ అని చూశాడు. "లేదు. గిది ఇంటి డబ్బ. కిరాయికి లేదు."

సినిమాలో ఉన్నది ఆ ఒక్క టేకే. తీసింది వాడుకోమని సీతాబాయి ఒప్పుకుంది, డబ్బా మాత్రం ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. నర్సింహులు పక్కనే ఒక అంచున ఒదిగి కూర్చున్నాడు. ఇల్లు చేరగానే ఆమె పొట్లాలు విప్పి గిన్నెలు నింపింది. చారులో పోపు చుయ్యిమంది. నర్సింహులు గడప దగ్గరే నిలబడ్డాడు.

"దయ్యాన్ని ఒక్కటే మొక్కిన," అన్నాడు గొణుక్కుంటూ. "డబ్బ సొట్ట పడకుండ ఇంటికి చేరాలె అని."

సీతాబాయికి నవ్వు ఆగలేదు. "దయ్యం మాట నిలుపుకుంది. నువ్వే నిలుపుకోలే. రా, తిను."

రెండు ముద్దలు తిన్నాడో లేదో ఫోన్ మోగింది. ఏదో కొత్త కంపెనీవాళ్ళు, హీరోయిన్‌వాళ్ళ చనిపోయిన నాన్నగా పెట్టడానికి ఫొటో ఉందా అని అడుగుతున్నారు. నర్సింహులు అలవాటు కొద్దీ "ఉన్న..." అనేలోపు సీతాబాయి ఫోన్ లాక్కుంది.

"లేదు సార్. ఆయన సుత కిరాయికి లేడు. అన్నం తింటుండు."