తడిగుడ్డ మీద కంచం

నా చిన్నప్పుడు, గోపాలపట్నంలోని మా ఇంట్లో ఒక కంచం గురించి పెద్ద గొడవ జరిగింది. కడగనందుకు కాదు, కడిగినందుకు.

మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు, రాజమండ్రి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. మా వీధిలో ఊరు దాటి చదువుకున్న మొదటి ఆడపిల్ల ఆవిడే. దసరా సెలవులకి వస్తోందంటే వారం ముందునుంచే నేను గుమ్మంలో కాపలా. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అత్త పక్కన పడుకోవడం నా హక్కని నా నమ్మకం.

వచ్చింది గానీ, వచ్చినట్టు లేదు. సాయంత్రం నాలుగైతే చాలు, "మాకిది టీ గంట కొట్టే వేళ" అని గడియారంకేసి చూసేది. "మీవాళ్ళూ సెలవులకి ఇళ్ళకి పోయారు కదా, ఇక గంటెవరికి కొడతారు?" అని అడిగాను. నా నోరు అప్పటికే అలా ఉండేది. అత్త కళ్ళు నిండాయి.

మూడోరోజు మధ్యాహ్నం అందరం వరసగా కూర్చుని తింటున్నాం. అత్త ముందుగా ముగించి, తన కంచం, గ్లాసు తీసుకెళ్ళి కడిగి, తుడిచి, తన పెట్టె పక్కన బోర్లించుకుంది. హాస్టల్లో ఎవరి కంచం వాళ్ళే దాచుకోవాలట. అలవాటుగా చేసేసింది. మా మామ్మకి మాత్రం గుండెలో ముల్లు దిగినట్టయింది.

"ఏటే, పరాయింట్లో తిన్నట్టు నీ కంచం నువ్వే కడిగి దాసుకుంతన్నావ్? మేం నీకేటీ కామేటి?" అంది. అక్కడితో ఆగలేదు. సెలవులయ్యాక పంపొద్దని, ఇంకో ఏడాదికి ఈ పిల్ల మనల్ని గుర్తుకూడా పట్టదని తేల్చేసింది. నాన్న తలూపాడు.

నేనేం చేశానో కూడా చెప్పాలి. "నిద్దట్లో కూడా ఆ హాస్టలోళ్ళ పేర్లే పలవరిస్తంది మామ్మా" అని అందించాను. అత్త చదువు ఆగిపోతుందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. అత్త నాకు మిగలాలి, అంతే.

మా తాతయ్య అప్పటిదాకా తింటూనే ఉన్నాడు. పోర్టులో, ఓడల్ని లోపలికి లాక్కొచ్చే టగ్ బోటు మీద ముప్ఫై ఏళ్ళు ఖలాసీగా చేసి దిగిపోయిన మనిషి. చివరి ముద్ద తిని, తన కంచం ఎత్తమని నాకు సైగ చేశాడు. ఎత్తాను. కింద నాలుగు మడతల తడిగుడ్డ. కొత్తేం కాదు, మామ్మ రోజూ తడిపి, పిండి, పరిచి, దాని మీదే ఆయనకి వడ్డించేది. ఏదో ఆచారమనుకునేదాన్ని.

"ఇదెందుకో సెప్పు" అన్నాడు. నాకు తెలీదు.

"సముద్రంలో బోటు ఊగితే కంచం జారిపోద్ది. అందుకు. మరి ఈ ఇల్లు ఊగతందేటి?"

తాతయ్య ఆ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు.

"నాను దిగొచ్చి నాలుగేళ్ళయింది. ఇది లేకపోతే నాకింకా ముద్ద దిగదు. అంటే నాను ఈ ఇంటోణ్ణి కానేటే?" అని మామ్మ వైపు తిరిగాడు. "తినలేక లేసిపోతంటే సూసి, నానడక్కుండానే గుడ్డ తడిపెట్టినావు. నీ కూతురి కాడికొచ్చేసరికి ఏటయిందే నీకు?"

మామ్మ వెళ్ళి అత్త బోర్లించిన కంచం తీసి, వెలుతురుకి పట్టి చూసి, "అంచుకి జిడ్డు అలాగే ఉంది. ఆ హాస్టలోళ్ళు తోవడం కూడా నేర్పలేదు నీకు" అని తిరిగి ఆవిడ చేతికే ఇచ్చింది. అత్త ఏడుస్తూ నవ్వింది. సెలవులయ్యాక ఆవిడ రైలెక్కింది. పెట్టెలో ఆ కంచం సర్దింది నేనే.

ప్రేమని తూకం వేసి, ఇటు తగ్గింది, అటు పెరిగింది అని తగువుకెళ్ళడం నాకు అప్పటిదాకా వచ్చిన విద్య. ఆ తడిగుడ్డ చూశాక అది పూర్తిగా పోయిందంటే అబద్ధం. కొంచెం మొద్దుబారింది.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీ సెలవులకి మధురవాడలో మా ఫ్లాటుకి వచ్చింది. నాలుగు రోజులుగా ఫోనూ, బాల్కనీ, ఒక నిట్టూర్పు. "ఇంట్లో ఏం తక్కువైందే నీకు?" అన్న మాట రోజుకి పదిసార్లు నా నాలిక చివరిదాకా వస్తుంది. ఇంతలో పిల్ల తినేసి, తన ప్లేటు పట్టుకుని సింకు దగ్గరికొస్తుంది.

వాదనలో ఇంతవరకూ ఎవరికీ దారివ్వని దాన్ని, అక్కడ మాత్రం మాట్లాడకుండా పక్కకి జరుగుతాను.