రాచకొండ రాతి గుమ్మం దాకా

మా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు వాళ్లకు రాచకొండ అంటే పోలీసు కమిషనరేట్ బండ్ల మీద కనిపించే పేరు. ఆ పేరుతో నిజంగానే ఒక కొండ ఉందని, ఒకప్పుడు అది రాజధాని అని చాలామందికి పట్టదు. మా ఆయనకు మాత్రం పట్టింపే. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఏళ్ల తరబడి చరిత్ర చెప్పారు. కాకతీయుల తర్వాత రేచర్ల పద్మనాయకులు రాచకొండ నుంచి ఏలారని ఎంతమంది చేత బట్టీ పట్టించారో లెక్కలేదు. ఆ కొండ ముఖం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఈ వేసవిలో గొంతు బాగోలేదని పాఠాలు మానేశారు.

కార్తీకంలో ఒక శనివారం కాఫీ తాగుతూ, "సుజాతా, రేపు రాచకొండ వెళ్లొద్దామా?" అన్నారు. తెనాలిలో చుట్టాల పెళ్లికి వెళ్లడానికే పది వంకలు చెప్పే మనిషి! మనసు మారకముందే సరేనన్నాను.

ఆదివారం పొద్దున్నే ఎల్బీనగర్‌లో చౌటుప్పల్ బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే నాకు జీరో టికెట్, ఆయనకు మామూలు టికెట్. హయత్‌నగర్‌లోనే బస్సు కిక్కిరిసింది. పెద్ద అంబర్‌పేట్ దాటాక గానీ వేగం అందుకోలేదు. నా పక్కన ఖాళీ గంపతో ఒకామె కూర్చుంది. నిన్న నగరంలో సీతాఫలాలు అమ్మి, రాత్రి చుట్టాలింట్లో ఉండి ఊరికి పోతోందట. మేము ఎక్కడికో చెప్పగానే నవ్వింది.

"రాచకొండకా? గాడ ఏముంది మేడం, అన్ని గుండ్లే."

"ఆ బండరాళ్లు చూడటానికేనమ్మా," అన్నారు ఈయన.

"సీతాఫలాల కోసం ఒస్తరు గానీ, గుండ్ల కోసం ఒచ్చినోళ్లను గిప్పుడే సూస్తున్న!"

చౌటుప్పల్‌లో దిగి ఇడ్లీ తిన్నాం. చెయ్యి తగిలి ఆయన నీళ్ల గ్లాసు పడిపోయింది. "చూసుకోలేదు," అన్నారు. కొన్ని నెలలుగా మా ఇంట్లో ఈ మాట తరచుగా వినిపిస్తోంది. తలుపు అంచు, కుర్చీ మూల, మెట్టు, ప్రతిదానికీ అదే జవాబు. వయసు కదా అని నేనూ ఊరుకుంటున్నాను.

అక్కడి నుంచి నారాయణపురానికి ఇంకో బస్సు, ఆ తర్వాత ఆటో. డ్రైవరు సైదులు ముందే చెప్పేశాడు: "పైదాక బండి పోదు సార్. ఊర్ల ఆపుత. మీరు సూసి ఒచ్చేదాక ఉంట."

రాచకొండ ఊరు గుట్ట వాలు మీద చిన్నగా ఉంది. ఇళ్ల ముందు పత్తి ఆరబోశారు. ఒక ముసలామె అరుగు పక్కన, సగం పద్మం చెక్కిన రాయి పడి ఉంది.

"ఇది గుడి రాయేనా, అవ్వా?" అని అడిగాను.

"ఏమో బిడ్డా. మా అత్త కాలం నుంచి గీడనే ఉన్నది. దీని మీద కూసోనే చింతకాయ దంచుతం. కూసోండ్రి, నీళ్లు తెస్త."

ఆయన కూర్చుని ఆ పద్మం రేకులను వేళ్లతో తడుముతూ ఉండిపోయారు. కళ్లజోడు సవరించుకుని చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు.

ఊరు దాటి కాలిబాటన ఎక్కితే మొదటి రాతి గుమ్మం వస్తుంది. పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో సున్నం లేదు, మట్టి లేదు. ఆయన గోడకు అరచెయ్యి ఆనించి, క్లాసులో ఉన్నట్టే మొదలుపెట్టారు: "చూశావా, బరువే దీనికి బంధం." గొంతు ఖంగుమంటోంది. ఇంత బాగున్న గొంతుతో పాఠాలు ఎందుకు మానేశారా అని నేను ఆలోచిస్తుండగానే, గుమ్మం నీడలోంచి ఎండలోకి అడుగుపెట్టి, పక్కనున్న రాయి తగిలి బోర్లా పడ్డారు.

కేక పెట్టి పరుగెత్తాను. మోకాలు గీరుకుపోయి రక్తం వచ్చింది. ఎముకకేం కాలేదు. నీళ్లతో కడుగుతుంటే, తల వంచుకునే అన్నారు:

"పక్కలు కనిపించట్లేదు సుజాతా. గొట్టంలోంచి చూస్తున్నట్టుంది. నీటికాసులట, గ్లకోమా. పోయిన చూపు ఇక రాదన్నారు. ఉన్నది నిలబడటానికి చుక్కల మందు ఇచ్చారు."

"ఎప్పుడు?"

"వేసవిలో. క్లాసులో పక్క బెంచీల వాళ్లు చేతులెత్తితే నాకు తెలిసేది కాదు. ఒకమ్మాయి లేచి, మీరు మావైపు చూడనే చూడరు సార్, అంది. ఆ రోజే మానేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను గడప దాటనివ్వవని. దీన్ని ఒక్కసారి చూసి చెబుదామనుకున్నా."

కోపంతోనే ఆయన మోకాలికి రుమాలు బిగించి కట్టాను. ఇన్ని నెలలు ఒకే ఇంట్లో ఉండి, ఈ భయాన్ని ఒంటరిగా మోశారు. నేను వయసేలే అనుకుని ఊరుకున్నాను. ఆయనన్నదీ నిజమే, చెప్పి ఉంటే కదలనిచ్చేదాన్ని కాదు.

నా కేక విని సైదులు పైకి వచ్చాడు. "ఇగ సాలు మేడం, దిగుండ్రి. జర పైలం."

ఆయన కిందికి తిరిగారు. ఆ వంగిన వీపు చూసి నాకు మనసొప్పలేదు. "తర్వాతి గుమ్మం దాకా వెళ్దాం. చెయ్యి వదలకండి," అన్నాను.

మెల్లగా ఎక్కాం. "ఎడమవైపు ఏముంది?" అని అడిగారు. కూలిన గోడ, దాని పగులులో మొలిచిన సీతాఫలం చెట్టు, కింద లోయలో పచ్చటి చేలు, కనిపించిందల్లా చెప్పాను. "ఆ గోడ ఎటు తిరిగింది?" అనడిగి, నా జవాబును బట్టి కాపలావాళ్లు ఎక్కడ నిలబడేవారో ఊహించి చెప్పారు. ఇద్దరం కలిసి ఒక కోటను కట్టుకుంటూ పోయాం. రెండో గుమ్మం దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం. శిఖరం దాకా పోలేదు.

వెళ్లాలనుకునేవారు నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లాలి. పైన ఏమీ దొరకదు. పొద్దుగూకక ముందే దిగాలి. మేము చూసింది సగమే. ఆ సగం కూడా ఒంటరిగా చూసేది కాదని నాకనిపించింది.

చౌటుప్పల్‌లో తిరుగు బస్సు దొరికేసరికి సాయంత్రమైంది. దారి పొడుగునా డాక్టరు ఏమన్నాడో, చుక్కలు ఏ వేళకు వెయ్యాలో అడిగాను. అన్నీ చెప్పారు. ఎల్బీనగర్‌లో దీపాలు వెలిగాయి. కండక్టరు "దిగాలె, జల్ది దిగాలె" అని తొందరపెడుతున్నాడు. ఆయన బస్సు తలుపు దగ్గర ఆగి, అంతమంది ముందు, గట్టిగా అన్నారు:

"సుజాతా, మెట్టు కనపడట్లేదు. చెయ్యివ్వు."