జర్మన్ పెయింటరుకు మా నాన్న వేసిన నంబరు

మా నాన్న పెయింటరు. రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే వర్క్‌షాపులో బాగుచేసిన వ్యాగన్ల మీద నంబరూ, మళ్లీ రిపేరుకు ఏ వర్క్‌షాపుకు ఏ తేదీకి రావాలో రాయడం ఆయన పని. ఆ రాత లేకుండా బండి గేటు దాటకూడదు. రాయ్‌పూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన కొత్తల్లో, దేవేంద్ర నగర్‌లో ఒక ముసలి జర్మన్ పెయింటరు అద్దెకు దిగాడని విని, తన కులంవాడే వచ్చినట్టు మా నాన్న పరిగెత్తాడు. ఆ జర్మన్‌కు వచ్చిన హిందీ అంతంతమాత్రం. మా నాన్న ఎదుటివాళ్ల మాట వినేది అంతకంటే తక్కువ. స్నేహం చక్కగా కుదిరింది.

ఆదివారాలు ముసలాయన మా క్వార్టర్స్‌కు వచ్చి గ్లాసుతో చారు తాగేవాడు. వాళ్ల దేశంలో ఇల్లు అమ్మేసుకుని వచ్చాడట, నా అన్నవాళ్లు లేరట. మీ దేశం ఎప్పుడు వెళ్తారని అమ్మ అడిగితే, అడిగిన ప్రతిసారీ చారు బాగుందనేవాడు.

ఏడాదంతా కూర్చుని ఒకే బొమ్మ వేశాడు, ఖాళీ మైదానంలో తుప్పుపట్టిన వ్యాగన్. అది ఢిల్లీ ప్రదర్శనకు వెళ్లాలి. ప్రయాణం రోజు పొద్దున దాన్ని మా వరండాలో పెట్టి, చెక్కపెట్టె తేవడానికి వెళ్లాడు. వచ్చేలోపు మా నాన్న స్టెన్సిల్ పెట్టి, తెల్లరంగుతో ఆ వ్యాగన్ మీద నంబరూ, రాయ్‌పూరూ, తిరిగొచ్చే తేదీ వేసేశాడు.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "నంబరు నేకండా బండి ఢిల్లీ దాకా ఎలాగెల్తాదే?" అన్నాడు గానీ, నాన్న గొంతులో బలం లేదు. నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ముసలాయన ఏడాది కష్టం మట్టిపాలైంది.

జర్మన్ వచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని బొమ్మ ముందు పీట మీద కూర్చుని చాలాసేపు చూశాడు. తుడిచేస్తానంటూ నాన్న టర్పెంటైన్ సీసా పట్టుకొచ్చాడు. ఆయన దాన్ని లాక్కుని మూత బిగించాడు. తర్వాత మాకు వీపు తిప్పి, "నాకూ రాయి," అన్నాడు హిందీలో.

నాన్న నవ్వలేదు. డ్యూటీ మొహం పెట్టి, ఏ వర్క్‌షాపని అడిగాడు.

"ఇదే."

రంగు ఆరేదాకా ఎండకు వీపు పెట్టి చారు తాగి, సాయంత్రం ఆ చొక్కాతోనే రైలెక్కాడు. వీపు మీద, తిరిగి రావలసిన చోటు రాయ్‌పూర్ అని ఉంది. పక్కన తేదీ లేదు. అదేమని అమ్మ అడిగితే, "లోపల చూడకండా డేటెయ్యకూడదే," అన్నాడు నాన్న.

పది రోజులకు అదే చొక్కాతో, అమ్ముడుపోని బొమ్మతో తిరిగొచ్చాడు. అమ్మ చారు పోసింది. ఆయన దేశం ఎప్పుడెళ్తాడని మళ్లీ అడగలేదు.