పియానో మీద కాలు

నా చిన్నప్పుడు నన్ను అందరికంటే ఎక్కువ విసిగించిన మనిషి మా ఎదురింటి పియానో మాస్టారు. ఆ వరసలో మా అమ్మది రెండో స్థానం. ఒక శనివారం ఇద్దరూ కలిసి చేసిన పనికి, అరవై దాటిన ఈ వయసులో కూడా, తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. తప్పంటూ ఉంటే అది నాదేనని తెలుసు. తెలిసినా మంట మాత్రం తగ్గలేదు.

మేం తెనాలి నుంచి నేపర్‌విల్ వచ్చేటప్పటికి నాకు ఏడేళ్లు. ఇప్పుడు అక్కడ ఏ వీధిలో చూసినా మనవాళ్లే. అప్పుడు మాత్రం మా వీధి చివర మొక్కజొన్న చేలు మొదలయ్యేవి. తెలుగు మాట వినాలంటే ముప్పావుగంట డ్రైవ్ చేసి ఇంకో ఇంటికి వెళ్లాలి. మేం కొన్న ఇంటి బేస్‌మెంట్‌లో పాతవాళ్లు ఒక పియానో వదిలేసి పోయారు. దాన్ని పైకి మోయించడం వాళ్ల వల్ల కాలేదట. నాన్న దాన్ని పగలగొట్టించి పారేయిద్దామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు వీణ నేర్చుకుంది. వాద్యం ఏదైనా సరస్వతే అంటూ ఆ పియానోకి పసుపు రాసి కుంకుమ పెట్టి, దసరాకి నా లెక్కల పుస్తకాన్ని దాని మీదే పెట్టి దణ్ణం పెట్టించింది.

దాన్ని శ్రుతి చేయడానికి వచ్చినాయనే మా మాస్టారు. ఎదురింట్లో వాళ్ల అక్కతో ఉండేవారు. స్కూళ్లకీ చర్చిలకీ తిరిగి పియానోలు శ్రుతి చేస్తూ బతికేవారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడు చూసినా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉండేవారు. ఆ రోజు పని అయ్యాక సరిచూసుకోవడానికి ఒక్క నిమిషం వాయించారు. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా దిగి వచ్చేసింది. మా అమ్మాయికి నేర్పుతారా అని తనకొచ్చిన ఇంగ్లీషులో అక్కడికక్కడే అడిగింది. ఆయన సరేనన్నారు. నాకు ఇష్టమో కాదో మాత్రం ఎవరూ అడగలేదు.

రెండు నెలలకి అసలు సంగతి బయటపడింది. నాన్న ఆఫీసులో ఒకతను పాత గ్రామఫోన్ రికార్డు అట్ట తెచ్చి, ఇతను మీ ఎదురింటాయనే కదా అని చూపించాడట. నాన్న సరదాగా ఇంటికి తెచ్చారు. అట్ట మీద మా మాస్టారే, ఇరవై ఏళ్ల కుర్రాడు, జుట్టు మొహం మీద పడుతోంది. ఒక చెయ్యి గాల్లో ఉంది. ఒక కాలు, గోధుమ రంగూ తెలుపూ కలిసిన బూటుతో సహా, పియానో మీటల మీద ఉంది.

అమ్మ ఆ అట్ట పట్టుకుని కుర్చీలో కూలబడింది. పోయిపోయి ఈయన దగ్గర పెట్టానా నా పిల్లని అంది. నాన్న నవ్వడంతో పరిస్థితి ఇంకా చెడింది. నాకు మాత్రం జీవితంలో మొదటిసారి మా మాస్టారి మీద గౌరవం కలిగింది. ఇన్నాళ్లూ ఈ పెద్దమనిషి ఇంత పని చేసినవాడని ఒక్క ముక్క చెప్పలేదేమిటని కోపం కూడా వచ్చింది.

ఆ గురువారం ఆయన పాఠానికి రాగానే అమ్మ అట్టని బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చూసి చెవులదాకా ఎర్రబడ్డారు. అమ్మ అరవలేదు. ఇది మాకు దేవతతో సమానం, పుస్తకానికి కాలు తగిలినా కళ్లకద్దుకునేవాళ్లం అని నిదానంగా చెప్పింది. మా ఇంట్లోనే కాదు, నేను చూస్తుండగా ఏ పియానో మీదా కాలు పెట్టకూడదు అంది. వినేవాళ్లు ఎవరైనా నవ్వేవారు. ఆయన నవ్వలేదు.

"మీ ఎదుట ఎప్పటికీ పెట్టను, మేడమ్," అన్నారు.

తర్వాత ఆయనకి ఒక సందేహం వచ్చింది. పియానో కింద కాలితో తొక్కే పెడల్స్ ఉంటాయి కదా, వాటి సంగతేమిటని అడిగారు. అమ్మ చాలాసేపు ఆలోచించింది. తెనాలిలో నాటకాలవాళ్ల కాలి హార్మోనియం గుర్తొచ్చి, కింద ఉన్నవాటికి పర్వాలేదని తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచి ఆయన బేస్‌మెంట్ మెట్ల పైనే బూట్లు విప్పి దిగేవారు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

పాఠాల గురించి చెప్పాలంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. నా క్లాసులో పిల్లలు మూడు నెలలకే పాటలు వాయించి ఇంట్లోవాళ్లని మురిపించేవారు. నాకు ఏడాది గడిచినా ఎడమచెయ్యి తప్ప ఇంకోటి లేదు. అదే వరస, అదే నడక, పైకి వెళ్లి కిందికి రావడం. కుడిచెయ్యి ఎప్పుడు మొదలుపెడదామని అడిగితే, ఎడమచెయ్యి నువ్వు లేకుండా నడిచినప్పుడు అనేవారు. అలాంటి జవాబు తొమ్మిదేళ్ల పిల్లకి చెప్పొచ్చా? తల ప్రాణం తోకకొచ్చేది. పైన వంటింట్లో అమ్మ మాత్రం ఆ ఎడమచెయ్యికి గిన్నె మీద తాళం వేస్తూ కూరలు తరుక్కునేది.

పాఠం అయ్యాక అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ ఆయన తన కథ కొంచెం కొంచెంగా చెప్పేవారు. ఈ దేశంలోనే దక్షిణాదిన ఒక పత్తి మిల్లు ఊరు. వాళ్లమ్మ చర్చిలో పియానో వాయించేది. చర్చి పాటల్నే వేగం పెంచి వాయించాడని పదహారో ఏట ఇంట్లోంచి వెళ్లగొట్టారు. అప్పుడే ఈ రాక్ అండ్ రోల్ అన్నది పుడుతోంది, ఇంకా దానికి ఆ పేరు కూడా స్థిరపడలేదు. వారానికి ఆరు ఊళ్లు తిరిగేవారు. ఏ హాల్లో ఏ పియానో ఉంటే దానితోనే సరిపెట్టుకోవాలి. ఒక ఊళ్లో మీటలు సగం పలకలేదట. జనం గోలలో తన వాయింపు తనకే వినపడలేదట. ఆ చిరాకుకి కాలెత్తి మీటల మీద ఒక్క తన్ను తన్నారు. జనం హాలు పైకప్పు లేచిపోయేట్టు అరిచారు. మర్నాటి నుంచి మేనేజరు ప్రతి ఊళ్లోనూ తన్నాల్సిందే అన్నాడు. ఒక రికార్డు రేడియోల్లో మోగింది. తర్వాత గిటార్లవాళ్ల కాలం వచ్చి పియానోని వెనక్కి నెట్టేసింది. కొన్నేళ్లు తాగుడు, ఆ తర్వాత అక్క ఇల్లు, శ్రుతి చేసే పనిముట్ల పెట్టె. ఇదంతా ఆయన వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పేవారు.

నాకు పదేళ్లు వచ్చిన ఏడు ఆయనకి ఒక పిలుపు వచ్చింది. పక్క ఊరి హాల్లో పాతకాలం వాయిద్యగాళ్లతో ఒక కచేరీ. దానికి ఒక కంపెనీ మనిషి వస్తున్నాడు. నచ్చినవాళ్లని యూరప్ తీసుకెళ్లి ఆరు నెలలు ఊరూరా వాయింపిస్తారట. అక్కడ ఈ పాత పాటలంటే పడిచస్తారట. ఆయన ఈ మాట కాఫీ బాగుందన్నంత మామూలుగా చెప్పారు. వాళ్ల అక్క మాత్రం వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని, వాడు వారం నుంచి సరిగా తినడం లేదు, ఇది పోతే ఇంకో అవకాశం రాదు అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నాకు వెళ్లాలని ఒకటే ఆరాటం. ఆ కాలు లేవడం నా కళ్లతో చూడాలి. నాన్న ఊళ్లో లేరు, డ్రైవ్ చేయాల్సింది అమ్మే. అమ్మ రానంటే రానంది. నేనుంటే ఆయనకి ఇబ్బంది, ఆయన పద్ధతిలో ఆయన్ని వాయించుకోనీ అంది. నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అయినా రెండురోజులు అన్నం మానేశాను, ఏడ్చాను, తలుపులు ధడాలున వేశాను. చివరికి అమ్మ విసిగిపోయి, వెనక వరసలో కూర్చుని వచ్చేద్దాం అంది. తీరా వెళ్తే వాళ్ల అక్క మమ్మల్ని చూసి, మా కుటుంబం మీరే కదా అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి మొదటి వరసలో కూర్చోబెట్టింది. పట్టుచీరలో అమ్మ స్టేజికి నాలుగు అడుగుల దూరంలో ఉంది.

ఆయన వచ్చారు. అవే బూట్లు, అట్ట మీదవే. అమ్మని చూశారు, చిన్నగా తల వంచారు, కూర్చున్నారు. మొదటి పాట అయ్యేసరికే జనం కాలు, కాలు అని అరవడం మొదలుపెట్టారు. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపారు. రెండో పాటకి నేల మీద కాళ్లతో దరువేస్తూ అడిగారు. కంపెనీ మనిషి మా పక్క వరసలోనే ఉన్నాడు, వాచీ చూసుకున్నాడు. కళ్లు మూసుకోమని అమ్మ మోకాలు గిల్లాను. అమ్మ నన్నొకసారి చూసింది. కొంగు సర్దుకుని లేచి, అందరి ఎదుటా నడుచుకుంటూ హాలు బయటికి వెళ్లిపోయింది. తలుపు మూసుకోవడం ఆయన చూశారు. నేనూ చూశాను. ఇంక అడ్డేముంది? ఇప్పుడు పెడతారు, ఈ పాటలో పెడతారు, ఇదిగో అనుకుంటూ ఆ బూట్ల మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాను.

పెట్టలేదు. ఐదు పాటలు, కాలు లేవలేదు. ఆఖరి పాట మధ్యలో కంపెనీ మనిషి టోపీ తీసుకుని లేచి వెళ్లిపోయాడు.

కారులో దారి పొడుగునా నేను అరుస్తూనే ఉన్నాను. నీ వల్లే పోయింది అన్నాను, నీ పసుపూ కుంకుమా అన్నాను, అనకూడనివన్నీ అన్నాను. నేను తీసుకొస్తేనే తను వచ్చిందన్నది మాత్రం అనలేదు. అమ్మ స్టీరింగ్ మీద వేళ్లతో ఏదో తాళం వేస్తూ డ్రైవ్ చేసింది. మనిషి అంత చల్లగా ఎలా ఉంటుందో అని ఇంకా మండిపోయాను.

తర్వాతి గురువారం ఆయన ఏమీ జరగనట్టు వచ్చారు, మెట్ల పైన బూట్లు విప్పారు, దిగారు, ఎడమచెయ్యి అన్నారు. నాకు ఏమైందో తెలియదు. కూర్చున్నదాన్ని వెనక్కి జరిగి, కాలెత్తి, మడమతో మీటల మీద ఒక్కటి వేశాను. ఆ చప్పుడుకి అమ్మ మెట్ల మీదికి వచ్చి నిలబడిపోయింది. ఆయన నా కాలు తీసి నెమ్మదిగా కింద పెట్టారు.

"ఏం వినిపించింది?" అని అడిగారు.

ఏమీ లేదు, చప్పుడు, అన్నాను.

"దానికోసమే నన్ను అన్నేళ్లు పిలిచారు. మీ అమ్మగారు నాకోసమే బయటికి వెళ్లారని తెలుసు. యూరప్ వెళ్లాలని నాకూ ఉంది, లేదనను. కానీ ఆవిడ తలుపు వేశాక అనిపించింది, అటువైపు ఒక్కరు వింటున్నారని. ఒక్కసారి చేతులతోనే వాయించి చూద్దామనుకున్నాను."

అంతే. అమ్మ వచ్చి కొంగుతో మీటలు తుడిచి, వాటిని తాకిన వేళ్లు కళ్లకద్దుకుంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఇంకో పదేళ్లు మా చుట్టుపక్కల పియానోలన్నీ శ్రుతి చేశారు. ఏ కంపెనీ మనిషీ మళ్లీ రాలేదు. నాకు ఇప్పటికీ ఆయన మీద విసుగే. ఒక్కసారి పెట్టి, ఆరు నెలలు తిరిగొచ్చి, ఆ తర్వాత చేతులతో వాయించుకోవచ్చుగా అనిపిస్తుంది.

ఆ గురువారం సాయంత్రమే అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన చేరి, శనివారం ఆయన బాగా వాయించారా అని అడిగాను. అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది.

"నేను తలుపు బయట నిలబడి విన్నానే. గోడకి ఆనుకుని ఏడ్చాను. అంత బాగా ఆయన ఎప్పుడూ వాయించలేదు. నువ్వు ముందు వరసలోనే ఉన్నావుగా, నన్నడుగుతావేంటి?"

నేనూ ఒక కాయ తీసుకుని ఈనె తీశాను. ఇప్పుడు ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలి ప్రోగ్రాములకి, తెలిసినవాళ్ల పిల్లల అరంగేట్రాలకి వెళ్తుంటాను. అందరూ ఫోన్లెత్తి పట్టుకుంటే నేను కళ్లు మూసుకుంటాను. మా అమ్మాయి మోచేత్తో పొడిచి, అమ్మా, నిద్రపోకు, అందరూ చూస్తున్నారు అంటుంది. నిద్ర కాదే, వింటున్నాను అని ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోదు. అయినా కళ్లు మూయగానే పాట వినపడదు నాకు. ముందు గోధుమ రంగూ తెలుపూ బూట్ల జత కనిపిస్తుంది, నేల మీద, కదలకుండా. అది కనపడకుండా పోయేదాకా ఆగి, అప్పుడు వింటాను.