కాల్చమని చెప్పలేదు

అందరూ అతన్ని మట్టి ప్లీడరు అనేవాళ్లు. పొద్దున్నే పొలానికి నీళ్లు కట్టి, కాళ్లు కడుక్కునే తీరిక లేక, నల్లకోటు భుజాన వేసుకుని కోర్టుకి పరిగెత్తేవాడు. జడ్జి ఒకసారి విసుక్కుంటే, "మట్టి కోసమే కదండీ ఈ దావాలన్నీ" అన్నాడట.

అతన్ని చదివించింది అన్న. తండ్రి పోయాక తాను బడి మానేసి నాగలి పట్టాడు. తమ్ముడు అది మరిచిపోలేదు. కాలువ చివరి పొలాలకి నీళ్లు రావడం లేదని అన్న తరపునా, చుట్టుపక్కల రైతుల తరపునా ఏళ్ల తరబడి వాదించి గెలిచాడు. ఆ గెలుపే అతన్ని శాసనసభకి పంపింది. రెండోసారి నెగ్గేసరికి నీటిపారుదల మంత్రి అయ్యాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పట్నానికి తాగునీళ్లు చాలవని అతను కాలువ తలుపులు మూయించాడు. అన్న ఫోన్ చేశాడు.

"పైరు పొట్ట మీదుందిరా. ఒక్క తడి ఇవ్వు, తర్వాత మూసుకో."

"చూస్తానన్నయ్యా."

చూడలేదు. రైతులే తలుపులు ఎత్తడానికి వెళ్లారు. పోలీసులు కాల్చారు. ఇద్దరు చచ్చిపోయారు. అన్న మోకాలు నుజ్జయింది.

"ఏం చేస్తారో నాకు తెలీదు, తలుపులు మాత్రం తెరుచుకోకూడదు" అని పోలీసు అధికారికి చెప్పింది అతనే. విచారణలో అడిగితే, "కాల్చమని నేను చెప్పలేదు" అన్నాడు. వెనక బెంచీలో కూర్చున్న వదిన లేచి వెళ్లిపోయింది. అధికారి ఉద్యోగం ఊడింది.

ఆసుపత్రికి వెళ్తే అన్న ఒక్కటే అడిగాడు.

"అబద్ధం చెప్పావా?"

"లేదన్నయ్యా."

"మరి నిజం చెప్పావా?"

అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈసారి ఎన్నికల్లో కాలువ చివరి ఊళ్లలో ఒక్కరూ అతని మొహం చూడలేదు. పట్నం ఓట్లు గట్టెక్కించాయి. మళ్లీ మంత్రి అయ్యాడు. కాలు తీసేశాక అన్న పొలం కౌలుకిచ్చి, వదినతో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడే పోయాడు. కబురు రాలేదు. ఒక మీటింగుకి వెళ్తూంటే డ్రైవరే, ఎక్కడో విన్నానంటూ నసుగుతూ చెప్పాడు.

కారు ఆపమన్నాడు. దిగలేదు. కాసేపటికి, పోనివ్వమన్నాడు.