తడపకూడని సిమెంటు

పళ్ళ డాక్టరుకు పొగరు ఉండకూడదంటారు. నాకు కాస్త ఉంది, దాచుకోను. జూలూరుపాడులో ఉన్న నా క్లినిక్కుకు సామాను అమ్మే ఖమ్మం దుకాణాయన ఎప్పుడూ ఒకటే పాట పాడతాడు. "మేడమ్, జూలూరుపాడుల గిన్ని రకాల సిమెంట్లు ఏం జేస్కుంటరు? ఒక్కటి తీస్కపోండ్రి, అన్నిట్ల అదే పెట్టుండ్రి." అన్ని నొప్పులకూ ఒకే గోలీ ఇచ్చే మనిషిని కానని కసిరి, నాకు కావలసినవన్నీ తెచ్చుకుంటాను.

పంటి మీద తొడిగే క్యాపు గానీ, ఊడిన పళ్ళ జాగాలో పక్క పళ్ళ మీద ఆనించి కట్టే బ్రిడ్జి గానీ దానంతటది నిలవదు. మధ్యలో సన్నటి పొరగా సిమెంటు ఉండాలి. లోహానికి ఒకటి, పింగాణీకి ఒకటి. అరగదీసిన పన్ను పొట్టిగా ఉంటే గట్టిగా కరిచిపట్టుకునేది కావాలి. మళ్ళీ తీయవలసినదైతే సులువుగా వదిలేది చాలు. ఏది ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడంలోనే నా పనితనమంతా ఉంది. అది ఎవరి కంటికీ కనపడదు కాబట్టి మెచ్చుకునేవాళ్ళు ఉండరు. నేనే మెచ్చుకుంటాను.

మా దగ్గరి పల్లెలో ఇళ్ళు కట్టే మేస్త్రీ ఒకాయన పరంజా మీంచి జారి ముందరి పై పళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. దెబ్బ మానింది, పని మొదలుపెట్టాడు, పళ్ళ సంగతి పట్టించుకోలేదు. గుడ్ ఫ్రైడే దగ్గర పడుతుండగా మాత్రం భార్యను వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు. ఆ రోజు వాళ్ళ చర్చిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ఒక్కొక్కరుగా మాట్లాడతారు. ఈ సంవత్సరం ఐదో మాట ఈయనకిచ్చారు. ఐదోది, దాహంగా ఉందని యేసు అన్న మాట.

"ఆ చర్చి గోడలు లేపింది నేనే డాక్టరమ్మా. కని లోపట మైకు ముంగట ఎన్నడు నిలవడలే" అన్నాడు.

'ద' అనాలంటే నాలుక పై పళ్ళకు తగలాలి. ఆయన నోట ఆ అక్షరం గాలికి పోయి 'హాహం' అని వస్తోంది. ఇంట్లో చదువుకుంటుంటే మనవరాళ్ళు పడీపడీ నవ్వారట. శుక్రవారానికి పళ్ళు రాకపోతే ఆ మాట ఇంకొకరికి ఇచ్చేస్తామని చర్చి పెద్దలు చెప్పారట. ఇది చెప్పేటప్పుడు ఆయన చేత్తో నోరు కప్పుకున్నాడు. అవుతుంది, నేను చేస్తాను అన్నాను.

పక్క పళ్ళు బాగానే ఉన్నాయి. అరగదీసి, కొలత తీసి పంపితే బుధవారం ఖమ్మం ల్యాబు నుంచి బస్సులో బ్రిడ్జి వచ్చింది. లోపల లోహం, పైన పింగాణీ. అది ఆనే పక్క పళ్ళు పొడుగ్గా ఉన్నాయి కాబట్టి మామూలుగా వాడే గ్లాస్ అయనోమర్ సిమెంటు సరిపోతుంది. అది గట్టిపడేదాకా తడి తగలకూడదు, అంతే. పెట్టి, దూది కరిపించి, నోరు తెరవొద్దని చెప్పి, పక్క కుర్చీలో ఏడుస్తున్న పాప వైపు తిరిగాను.

వెనక పుక్కిలిస్తున్న చప్పుడు. చూద్దును కదా, దూది తీసి పక్కన పెట్టి, తొట్టి మీదికి వంగి మేస్త్రీ గారు హాయిగా నీళ్ళు తిప్పుతున్నాడు.

"ఏంది మేస్త్రీ గారూ గిది!"

"క్యూరింగ్ డాక్టరమ్మా. సిమెంటు పెట్టినంక తడపకుంటే పగుళ్ళిస్తది. మీరు మర్చిపోయిండ్రని నేనే తడిపిన."

వేలు పెట్టి చూస్తే బ్రిడ్జి కదిలింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అది మీ సిమెంటు, ఇది నా సిమెంటు! ఇంకోసారి నన్నడగకుంట నోట్లె నీళ్ళు పోస్తే ఊకునేది లేదు" అని గట్టిగానే అరిచాను. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "మరి శుక్రారం?" అన్నాడు, మొహం పాలిపోయి.

బ్రిడ్జి తీసి, శుభ్రం చేసి ఆలోచించాను. అదే సిమెంటు మళ్ళీ పెట్టవచ్చు, పంటికి అది చాలు. కానీ పంటిని చూసి సగం, మనిషిని చూసి సగం ఎంచుకోవాలి. జన్మంతా గోడలు తడిపిన చెయ్యి అది, ఆ సిమెంటు పూర్తిగా బిగిసేదాకా ఇంటికి పోయినా ఊరుకోదు. అందుకే రెజిన్ సిమెంటు తీశాను. పెట్టేటప్పుడు చెమ్మ లేకుండా చూసుకోవాలి గానీ, అంచుల్లో నీలం లైటు వేస్తే అక్కడికక్కడే బిగుస్తుంది, లోపలిది కాసేపటికి దానంతటదే గట్టిపడుతుంది. దుకాణాయన వద్దన్న డబ్బాల్లో ఇదీ ఒకటి. ఈసారి బిగిసేదాకా కుర్చీ పక్కనుంచి కదలలేదు. "ఇగ తాగుండ్రి, వాగుల మునిగినా ఊడదు" అన్నాను.

శుక్రవారం నేను కూడా వెళ్ళాను. మా ఇంట్లో వేరే దేవుళ్ళు, అయినా నా బ్రిడ్జి అక్కడ మాట్లాడబోతోంది. ఆడవాళ్ళ వైపు వెనక వరుసలో కూర్చున్నాను. నాలుగో మాట అయ్యాక మేస్త్రీ గారు తెల్ల చొక్కాలో మైకు ముందుకు వచ్చాడు. తను కట్టిన గోడలను ఒకసారి కలియజూసి "దాహం" అన్నాడు. 'ద' గట్టిగా, తేటగా పలికింది. ఒక్క పిల్ల కూడా నవ్వలేదు. నా కళ్ళు చెమర్చాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

మాటల మధ్యలో గొంతు ఎండింది కాబోలు, బల్ల మీది నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు. అంతమంది తలల మీదుగా నన్ను వెతికి, తాగొచ్చా అన్నట్టు చూశాడు. చర్చి అంతా ఆ గ్లాసు వైపే చూస్తోంది. నేను తల ఊపాను. అప్పుడు తాగాడు.

"యేసయ్య దాహం ఎంత మంచిగ జేసి చూపిచ్చిండో" అని పక్కనున్న ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. అవ్ అన్నాను.